పెద్దమ్మ చూసిన లేగదూడ

దయ్యాల మాట ఎవరెత్తినా నాకు నవ్వొచ్చేది. "ఈసారి కనిపిస్తే నాకో ఫొటో తీసిపెట్టండి" అనేదాన్ని. కంటికి కనిపించేదే సాక్ష్యమని పాఠం చెప్పే మనిషిని. ఇప్పుడూ దయ్యాలను నమ్మను. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడు పడలేదు.

డెబ్భైల చివర్లో హనుమకొండలో అద్దె ఇంట్లో ఉంటూ పీహెచ్‌డీ చేస్తున్నాను. మూడు వందల ఏళ్ల నాటి హాలండు చిత్రాల్లో రాజకీయాలు నా విషయం. వరంగల్ ఎక్కడ, హాలండు ఎక్కడ అని చుట్టాలు ఆటపట్టించేవారు. ఆ చిత్రకారులు రాజుల్ని నేరుగా తిట్టలేక దేశాన్ని ఆవుగా గీసేవారు. నేను ఒక అధ్యాయానికి ఎంచుకున్న చిత్రంలోనూ బక్కచిక్కిన ఆవే. వీపు మీద ఒక రాజు, పొదుగు దగ్గర ఒకడు, కొమ్ములు పట్టుకొని ఇంకొకడు. వెనక కాళ్ల దగ్గర, కింద మూలంతా నల్లటి చీకటి.

ఆ అధ్యాయాన్ని మా గైడ్ రెండుసార్లు తిప్పి పంపారు. పాలు పిండుకునేవాళ్ల గురించి అందరూ రాశారు, నువ్వు కొత్తగా చెప్పేదేముంది అన్నారు. ఇంకోసారి వెనక్కొస్తే చదువు అక్కడితో ఆగిపోయినట్టే. అన్నం సయించేది కాదు.

అప్పుడే మా పెద్దమ్మ, అమ్మకు అక్క, కళ్ల ఆపరేషన్ కోసం ధర్మసాగర్ నుంచి మా ఇంటికి వచ్చింది. ఊళ్లో పాడి చేసుకునే మనిషి. రెండు కళ్లలోనూ శుక్లాలు. గుమ్మంలో నిలబడ్డది ఎవరో గొంతు వింటేగాని తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టి, కాలేజీ నుంచి తెచ్చిన ప్రొజెక్టర్‌తో ఆ చిత్రం స్లైడును సున్నం గోడ మీద వేశాను. మంచం మీద కూర్చున్న పెద్దమ్మ ఏం బొమ్మ అని అడిగింది. ఆవు, పాలు పితికేవాడు అన్నాను. లేగ ఏదని అడిగింది.

మా వైపు ముందు దూడను వదిలి, తల్లి పాలు చేపాకే పితుకుతారు. ఆ దేశపు ఆవులకు దూడ అక్కర్లేదని చెప్పబోయాను. ఆమె వినలేదు. గోడవైపే చూస్తూ అంది.

"లేగ ఉన్నది గద బిడ్డా. ఎనుక కాళ్ల కాడ, చీకట్ల. ఒక చెవి సగం తెగింది, పాపం. పలుపుతాడు పట్టుకొని చిన్న పిల్ల నిలవడ్డది."

లేచి వెళ్లి గోడను దగ్గరగా చూశాను. నలుపే. స్లైడు తీసి, ఎండకు పట్టి, భూతద్దంతో చూశాను. నలుపే. ఆమె కళ్ల సంగతి తెలిసిందే కదా అని నవ్వుకున్నాను.

అయితే ఆ మాటతో నాకో ఆలోచన తట్టింది. తాగేవాళ్లందరినీ గీసిన చిత్రకారుడు, ఆ పాలు ఎవరివో ఆ దూడను గీయలేదు. రేపటి తరానికి ఆ దేశంలో చోటు లేదన్నాడు. అదే రాశాను. గైడ్ మెచ్చుకున్నారు, డిగ్రీ వచ్చింది. అంటే నా డిగ్రీ నిలబడిందే ఆ దూడ లేకపోవడం మీద.

ఎనభైల్లో హైదరాబాదులో ఒక విదేశీ పరిశోధకుడి ఉపన్యాసానికి వెళ్లాను. ఆ చిత్రాన్ని అప్పుడే శుభ్రం చేశారట. తెర మీద స్లైడు పడింది. వెనక కాళ్ల దగ్గర లేగదూడ. ఒక చెవి సగం లేదు.

దూడ అంటే ఆ రాజ్యానికి వారసుడైన పసివాడని, రాజకీయాలు మారాక దాని మీద ఎవరో నల్లరంగు పూయించారని ఆయన చెప్పారు. రంగు తీసేదాకా మ్యూజియం వాళ్లకే తెలియదట. దూడ మెడలోని తాడు ఇంకా మిగిలిన చీకట్లోకి పోయింది. అక్కడ రంగు పెళుసుగా ఉందని పని ఆపేశారు.

నేను రాసింది కూలిపోయిందన్న బాధ కంటే పెద్దమ్మను చూడాలన్న ఆత్రమే ఎక్కువైంది. మరునాడే ధర్మసాగర్ బస్సెక్కాను. ఆపరేషన్ తర్వాత ఆమె చూపు బాగుపడింది. సంగతంతా చెప్తే ఏమీ ఆశ్చర్యపోలేదు. బర్రెకు గడ్డి వేస్తూ అడిగింది.

"మరి ఆ పిల్ల? ఇంకా చీకట్లనే నిలవడ్డదా?"

పాడి మనిషి గనుక దూడను ఊహించుకుందని సరిపెట్టుకోవచ్చు. తెగిన చెవిని ఎలా ఊహించింది? పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆ మూలను ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు. అక్కడ పిల్ల ఉందనే నా నమ్మకం. చూడకుండా నేను నమ్మింది ఇదొక్కటే.