చీర రంగు చెప్పండి

బసవయ్యగారి గొంతు విననివాళ్ళు బెజవాడలో ఉండరు. ముఖం తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. బస్టాండులో మైకు ముందు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. "హనుమాన్ జంక్షన్ మీదుగా ఏలూరు వెళ్ళు బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అని ఆయన చెబుతుంటే, ఆ బస్సు వెళ్ళినా వెళ్ళకపోయినా తనకేం పట్టనట్టుండేది. రిటైరయ్యాక ఏటా దసరాకి కృష్ణ ఒడ్డున, తప్పిపోయినవాళ్ళ వివరాలు చదివే గుడారంలో కూర్చునేవారు. పక్కన మందుల గుడారం నాది. నేను నర్సుని, పేరు ఎలిజబెత్. అమ్మవారి ఉత్సవంలో ఎలిజబెత్ ఏమిటని ఎవరూ అడగలేదు. కాళ్ళు బొబ్బలెక్కినవాళ్ళకి మందు కావాలి గానీ నా పేరెందుకు?

ఆయనతో నాకు ఏటా ఒకటే తగువు. పిల్ల తప్పిపోయిన తల్లి పరుగెత్తుకొచ్చి, "కడుపు తరుక్కుపోతోందయ్యా, గుండె చెరువైపోయిందని చెప్పండయ్యా" అంటూ గుంజ పట్టుకుని ఏడుస్తుంది. ఈయన కళ్ళజోడు సర్దుకుని, "కడుపులూ గుండెలూ మైకులో వద్దమ్మా. గౌను రంగు చెప్పు" అంటారు. పెద్దవాళ్ళయితే చీర రంగు.

"మీకసలు గుండె ఉందా అండీ?" అని ఓసారి అడిగేశాను.

"ఉందమ్మా. దాన్నిబట్టి పిల్లనెవరు గుర్తుపడతారు?"

నిజమే, పిల్లలు దొరికేవారు. అందుకే నాకింకా ఒళ్ళు మండేది.

నిరుడు దసరాకి భార్య సంపూర్ణమ్మగారిని వెంటబెట్టుకొచ్చారు. ఆవిడకి మతిమరుపు జబ్బు ముదిరింది. పొయ్యి మీద పాలు మర్చిపోవడంతో మొదలై, కన్నకూతుర్ని "ఎవరమ్మా నువ్వు" అనేదాకా వచ్చింది. ఇంట్లో కనిపెట్టుకుని ఉండే రావమ్మ చెల్లెలి పురుడని మైలవరం వెళ్ళిందట.

"ఈ ఒక్కరోజూ మీరు మానేయొచ్చు కదండీ" అన్నాను.

"జనం విరగబడే మూలా నక్షత్రం రోజున మైకు ఎవరు చూస్తారమ్మా?" అని, ఆవిడని తన పక్కనే కూర్చోబెట్టి, పైట కొంగు కుర్చీకి ముడేశారు.

మధ్యాహ్నం ఎవరిదో పిల్లాడి వివరాలు చదివి పక్కకి తిరిగేసరికి కుర్చీ ఖాళీ. అన్నీ మర్చిపోయిన మనిషికి ముడి విప్పుకోవడం మాత్రం గుర్తుంది, చూడండి ఖర్మ.

ఇసకేస్తే రాలని జనం. పక్కనే నిండుగా కృష్ణ. ఆయన మైకు దగ్గరికి జరిగారు. "సంపూర్ణమ్మగారు, వయసు డెబ్బై, చామనచాయ, ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. గుర్తించినవారు ఈ గుడారమునకు తీసుకురావలెను." అదే బస్టాండు గొంతు. ఎక్కడా తొణకలేదు, బెణకలేదు.

చదివారు, మళ్ళీ చదివారు. ఆకుపచ్చ చీరలు కట్టుకున్నవాళ్ళని ఎంతమందినో జనం తెచ్చి చూపించారు. వాళ్ళలో ఆవిడ లేదు. పొద్దు వాలుతుంటే, మెట్ల దగ్గర నీళ్ళలో పచ్చగా ఏదో తేలుతోందని కేకలు వినబడ్డాయి. నేను పరుగెత్తాను. చూస్తే గుర్రపుడెక్క మొక్కలు. ఆ మాట చెబుదామని తిరిగొస్తే, ఆయన సగం లేచి బల్ల పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"ఆవిడ కాదండీ" అన్నాను. ఆయన కూర్చుని మళ్ళీ, "సంపూర్ణమ్మగారు, వయసు డెబ్బై..." అని మొదలెట్టారు.

నాకు కోపం ఆగలేదు. "ఆవిడ మీ భార్యండీ, ఏలూరు బస్సు కాదు! కాస్త ఏడవండి!"

"ఏడిస్తే చీర రంగు వినపడదమ్మా" అన్నారు. మంచినీళ్ళ గ్లాసు ఎత్తి తాగబోతే సగం నీళ్ళు చొక్కా మీద ఒలికాయి. ఆయన చూసుకోలేదు.

దీపాలు వెలిగే వేళకి, "ఆకుపచ్చ... ఎర్ర..." అని ఆగిపోయారు. నావైపు తిరిగి, "ఇంతసేపట్నుంచీ పిలుస్తున్నా కదా. ఇక్కడే ఎక్కడో వింటూనే ఉంటుంది. ఎందుకు రావట్లేదమ్మా?" అన్నారు.

"ఆవిడకి తన పేరు గుర్తుందా అండీ?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేనెప్పుడూ దాన్ని పేరు పెట్టి పిలవలేదు. ఇదిగో అంటాను, పలుకుతుంది."

"మరి అలాగే పిలవండి."

"మైకులోనా? ఊరంతా వింటుంది."

"విననివ్వండి!"

మైకుని రెండు చేతులా పట్టుకున్నారు. "ఇదిగో" అన్నారు. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. ఘాట్ల పొడుగునా స్పీకర్లన్నీ ఒక్కసారే "ఇదిగో" అన్నాయి. "ఇదిగో... ఎక్కడున్నావే? ఆకలేస్తోంది. అన్నం పెట్టవే."

కుర్రాళ్ళెవరో కిసుక్కున నవ్వారు. ఆయన మళ్ళీ పిలిచారు, "ఆకలేస్తోందే" అని. ఈసారి ఎవరూ నవ్వలేదు. మెట్ల మీద తడి చీరలు పిండుకుంటున్న ఆడవాళ్ళు చేతులాపి పైకి చూశారు. ఆ మాటల్లో కడుపు తరుక్కుపోవడమూ లేదు, గుండె చెరువవడమూ లేదు. ఉన్నదల్లా అన్నం. కానీ కడుపులో చెయ్యి పెట్టి కెలికినట్టయింది నాకు. కడుపు తరుక్కుపోతోందని అందరూ అంటుంటే ఏదో వరసకి అంటారనుకునేదాన్ని. నిజంగా కడుపులోనే అవుతుందని అప్పుడు తెలిసింది.

కాసేపటికి లేడీ కానిస్టేబుల్ జనాన్ని తప్పించుకుంటూ ఆవిడని తీసుకొచ్చింది. "బట్టలు మార్చుకునే గదుల వెనక ముడుచుకుని కూర్చుందండీ. ఈ పిలుపు వినగానే దిగ్గున లేచి, ప్రసాదాల దగ్గర పులిహోర పొట్లం అడిగి తీసుకుని, ఎటెళ్ళాలి ఎటెళ్ళాలి అంటోంది" అని చెప్పింది.

ఆయన ఒక్క అంగలో బయటికొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ విదిలించుకుంది.

"వదలండి బాబూ! మా ఆయన పిలుస్తున్నారు. ఆకలికి ఆగలేరాయన."

"నేనేనే..."

"మీరెవరో నాకు తెలీదు. పక్కకి జరగండి." పొట్లం గుండెలకి అదుముకుని, గుంజకి కట్టిన స్పీకరు వైపే చూస్తోంది.

ఆయన నావైపు చూశారు. నా గుడారంలో దానికి మందు లేదు. మెల్లగా వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో భార్య. మైకు దగ్గరికి లాక్కున్నారు.

"ఇదిగో. ఇక్కడే ఉన్నాను, రా."

ఆవిడ ముఖం విప్పారింది. కొంగుతో చెమట తుడుచుకుని, స్పీకరు కిందికి వెళ్ళి కూర్చుని పొట్లం విప్పింది.

"వచ్చేశానండీ" అంది పైకి చూస్తూ. "ఆలస్యమైందని కోప్పడకండి."