రుచి చూడని వంట

తిరుమలగిరిలో మా సత్సంగానికి వచ్చే అక్క ఒకావిడ, పొయ్యి వెలిగించగానే కొంగుతో ముక్కూ నోరూ కట్టుకునేది. దేవుడికంటే ముందు వాసన కూడా తనకు దక్కకూడదని ఆమె నియమం. భర్త ఉద్యోగం పోయాక, పెట్టుబడి తక్కువని ఒక కంపెనీ డబ్బాల్లో అమ్మే నైవేద్యం పులిహోరకు ఇంట్లోనే ఫ్రాంచైజీ పెట్టుకుంది.

తనిఖీకి వచ్చిన కంపెనీ అబ్బాయి, "ప్రతి గిన్నె రుచి చూసినంకనే సీల్ వేయాలె ఆంటీ, రూలది," అన్నాడు.

"ఎంగిలి చేసి దేవునికెట్ల పెడ్తం బిడ్డా? డబ్బా మీద నైవేద్యమని మీరే రాసిండ్రు గద."

"గవన్నీ ఎవరు చూస్తరు ఆంటీ?"

ఆమె కొంగు విప్పలేదు. వారంలోపే కంపెనీవాళ్లు బోర్డు పీకేసి పక్క వీధిలో ఇంకొకరికి ఇచ్చారు.

గీత కంఠతా వచ్చిన మా సత్సంగం పెద్దలు ఇప్పుడు ప్రతి శనివారం రుచి చూసి సీల్ వేసిన ఆ డబ్బాలే తెప్పించి స్వామి ముందు పెడుతున్నారు. ఇదేమిటని అడిగితే, "ఆమెకు జెర చాదస్తమమ్మా," అని నవ్వుతారు. నియమం చెప్పేవాళ్లు వాళ్లు, దానికోసం కూడు పోగొట్టుకున్నది ఆమె.