పింగాణీ కప్పు, పీపాలో పురుగు

మెదక్ పట్నానికి మొట్టమొదట సముద్రాన్ని తెచ్చినవాణ్ణి నేనే. నమ్మరు గదా? సరే, కాస్త తగ్గిస్తాను. వచ్చింది సముద్రం కాదు, ఒక సీసా. తెచ్చింది నేను కాదు, నాతో ఒకే గదిలో ఉండే సైన్సు మాస్టరు. బస్టాండు నుంచి మోసింది మాత్రం నేనే. అదీ సగం దూరం రిక్షాలో.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మాట. అతను పనిచేసే బడిలోనే నేను లెక్కలు చెప్పేవాణ్ణి. అతను సెలవుల్లో విశాఖపట్నం శిక్షణకు పోయి ఆ సీసా పట్టుకొచ్చాడు. మందునీళ్లలో వేలి గోరంత ప్రాణి. రొయ్యకు దూరపు చుట్టం, పేరు ఫ్రోనిమా. తల నిండా కళ్లే. నీళ్లలో తేలే జిగురుముద్దలాంటి మరో జీవిని పట్టి, లోపలంతా తినేసి, మిగిలిన డొల్లను పీపాలా చేసుకుని అందులో కాపురం పెడుతుందట. పిల్లల్నీ అందులోనే పెంచుతుందట.

మా ఇంటి యజమానురాలు, మేం ఖాలా అంటే పిన్ని అని పిలిచే ఆమె, ముక్కున వేలేసుకుంది. "యా అల్లా! కిరాయి ఇయ్యకపోంగ, ఇంటోన్నే తిని ఇంట్ల జొర్రిందా!"

ఖాలా సాయంత్రాలు మాకు చాయ్ పోసేది. ఒకరికి నీలం పూల పింగాణీ కప్పు, ఒకరికి గాజు గిలాస. కప్పు ఎప్పుడూ నాదే. నా కబుర్లకు దక్కిన బహుమానమని నా నమ్మకం. సీసా వచ్చిన వారంలోనే కప్పు అతనికి పోయింది. గిలాసతో నా వేళ్లు కాలాయి. కడుపు అంతకన్నా ఎక్కువ మండింది. నా కప్పులో అతనే ఆ పురుగులా దూరి కూర్చున్నట్టుండేది.

అతను లేనప్పుడు ఖాలా చెవిన వేశాను. "ఖాలా, ఇంటోన్ని మింగే పురుగును తెచ్చుకున్నడు. మనసుల ఏమున్నదో, జర జూసుకోండ్రి."

"సచ్చిన పురుగు ఏం మింగుతది బేటా? నిన్న నా డబ్బాల బిస్కెట్లు మింగింది నువ్వు."

కప్పు మాత్రం తిరిగి రాలేదు. సముద్రపు పురుగు మీద అసూయపడ్డ మనిషి మెదక్‌లో నేనొక్కణ్ణే.

మొన్న అతను మా ఇంటికొస్తే చాయ్ తాగుతూ ఇదంతా చదివి వినిపించాను. చివరిదాకా విని అన్నాడు:

"పురుగు లేదు, గిరుగు లేదు. నువ్వు తాగి కప్పు ఆడనే పెట్టి పోతుంటివి. దినాం నేనే కడిగిపెడుతుంటి. నేను విశాఖపట్నం పోయినంక నీ ఎంగిలి కప్పు ఖాలా కడుక్కున్నది. గప్పుడు ఎరుకైంది ఆమెకు, దినాం కడిగింది నేనని. ఇగో, ఇప్పుడు గూడ ఆడనే పెట్టినవ్. లేచి కడుగు."