రోజుకు మూడు స్తోత్రాలు

నా ఎడమ పాదం మీద బెల్లం పాకం ఒలికిన ఏడాది నాకు ముప్పై రెండో ముప్పై మూడో ఉంటాయి. నేను పుట్టిన సంవత్సరం మా అమ్మకి గుర్తులేదు. పుట్టేటప్పుడు ఎడమ కాలు ముందు బయటికొచ్చిందని మాత్రం బాగా గుర్తుంది. ఆ కాలికి మొదటినుంచీ తొందరెక్కువ.

అప్పట్లో చోడవరం చుట్టుపక్కల పల్లెల్లో చలికాలం మొదలుకొని ఎండలు ముదిరేదాకా చెరకు గానుగలు ఆడేవి. ఎద్దులు తిరిగేవి, రసం కారేది. ఆ రసాన్ని పెద్ద ఇనప పెనంలో పోసి, కింద చెరకు పిప్పితో మంట పెట్టి, కాచి బెల్లం చేసేవాళ్ళం. మా కామందు గానుగలో పాకం పట్టేవాణ్ణి నేనే. పన్నెండేళ్ళు ఆ పెనం పక్కనే నిలబడ్డాను. పాకం పట్టడమంటే, పెనం ఎప్పుడు దించాలో చెప్పడం. కాస్త ముందు దించితే బెల్లం గట్టిపడదు, కాస్త ఆలస్యమైతే నల్లబడి చేదెక్కుతుంది. నాలుగో తరగతి మధ్యలో నేనూ మాస్టారూ ఒకరితో ఒకరం విసిగిపోయి విడిపోయినవాళ్ళం. అటువంటి నాకోసం నలుగురు మనుషులు పెనం దించే వాసాలు పట్టుకుని, కామందు చేతులు కట్టుకుని, నోరు మూసుకుని ఎదురుచూసేది ఆ ఒక్క క్షణమే. నా బతుకంతటికీ ఉన్న పెద్దరికం అదే.

ఆ ఏడు సంక్రాంతి ఇంకా రాకముందే, పెనం దించుతుంటే ఒకడి చెయ్యి జారింది. పాకం నీళ్ళలా కారిపోదు, పట్టుకుంటుంది. ఊడదీస్తే చర్మంతో సహా ఊడింది. కాంపౌండరు మందు రాసి, కట్టు కట్టి, రెండు నెలలు కాలు కింద పెట్టొద్దన్నాడు. కామందు స్వయంగా మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈలోగా ఎవుడో ఒకడు కానిస్తాడ్రా. నువ్వు లేచొచ్చేక పెనం నీదే" అన్నాడు.

ఆ 'ఎవుడో ఒకడు' ఎవరో చెప్పింది నేనే. మా ఆవిడ తమ్ముడు అదే గానుగలో పొయ్యిలోకి పిప్పి ఎగేసేవాడు. ఎనిమిదో తరగతి చదివినవాడు. మసిలో ఉన్నా క్రాపు చెదరనిచ్చేవాడు కాదు. బావమరిది కదా, నా చోటు కాపలా కాస్తాడనుకున్నాను.

ఆ వారమే మా ఏసు గుడి పాదిరి అయ్యగారు పరామర్శకొచ్చారు.

"ఎలా ఉంది కాలు?"

"బెల్లం పూసిన కాలు కదండీ అయ్యగారూ, సీమలకి పండగ."

ఆయన నవ్వలేదు. "నీ నోట్లో నవ్వుంటుంది గానీ, కడుపులో ఎప్పుడూ సణుగుడే. నీ హాస్యమంతా ఎవరినో ఒకరిని పొడవడానికే" అన్నారు. నేను మొహం మాడ్చుకున్నాను, ఎందుకంటే అది నిజం. సంచిలోంచి దారంతో కుట్టిన పుస్తకమొకటి తీసి నా చేతిలో పెట్టారు. రోజూ దేవుడు చేసిన మేళ్ళు మూడు అందులో రాయాలట. ఒకసారి రాసిన మేలు మళ్ళీ రాయకూడదు. ఫిర్యాదు ఒక్కటీ ఉండకూడదు. నలభై రోజులు రాస్తే మనసు రంగే మారిపోతుందన్నారు.

మొదటి రోజు వేళాకోళంగానే రాశాను. 'కాలింది ఒక్క కాలే. స్తోత్రం. చూడ్డానికొచ్చిన అత్తగారు పొద్దుపోకముందే వెళ్ళిపోయింది. స్తోత్రం. అయ్యగారి ప్రార్థన చిన్నదే. స్తోత్రం.'

మా ఆవిడకి చదువు రాదు. సాయంత్రం గానుగనుంచి తమ్ముడు రాగానే పుస్తకం వాడి చేతికిచ్చేది. వాడు అయ్యగారి గొంతు పెట్టి, కళ్ళు మూసుకుని, ప్రతి మేలు చివరా స్తోత్రాన్ని సాగదీస్తూ చదివేవాడు. తన తల్లి గురించి రాసింది వచ్చినప్పుడు మా ఆవిడ "నీ నోట్లో మట్టడ! కాలినోడికింత పొగరేటి?" అంటూనే నవ్వాపుకోలేకపోయేది. ఆ ఇంట్లో అంత నవ్వు అంతకుముందు నేను విన్లేదు. అది కూడా రాశాను.

చదవడం అయ్యాక వాడు నా మంచం పక్కన కూర్చుని పని అడిగేవాడు.

"బావా, ఇయాల పాకం నీళ్ళలో ఏసి సూసేను. ఉండ కట్టింది గానీ బెల్లం జిగటొచ్చేసింది. ఏటి సేయమంటావు?"

"ఆ ఉండని పళ్ళేనికేసి కొట్టేవా?"

"కొట్టలేదు."

"మరి నీ నెత్తికేసి కొట్టుకోనేకపోయేవా? ఖంగుమనాలి. ముందసలు సెవొగ్గి ఇనాల్రా. పాకం మొదట్లో మీయమ్మ మాటాడినట్టు గలగలమంటాది. తరవాత మీయయ్య గొణిగినట్టు గుడగుడమంటాది. మీయయ్య గొణిగినప్పుడు దించెయ్."

వాడు పడీపడీ నవ్వాడు. కాని మర్నాడు బెల్లం బాగా వచ్చింది. నేను పన్నెండేళ్ళలో కాల్చుకుని నేర్చుకున్నది వాడికి పదిహేను సాయంత్రాల్లో చెప్పేశాను. 'నా విద్య అడిగేవాడొకడున్నాడు. స్తోత్రం' అని రాసుకున్నాను కూడా.

అసలు చిక్కు మూడో వారంలో వచ్చింది. రోజుకు మూడంటే ఇరవై రోజులకి అరవై. నా ఇంట్లో అరవై మేళ్ళెక్కడివి? గోడలైపోయాయి, పెళ్ళాం పిల్లలైపోయారు, కోడి కూడా అయిపోయింది. రాసింది మళ్ళీ రాయకూడదు. మంచం మీద పడున్నవాడికి కొత్తగా ఏం దొరుకుతుంది? లేచి తిరిగేటప్పుడు పడ్డ బాధల్లో ఇప్పుడు లేనివే దొరికాయి. 'ఇవాళ కళ్ళు పొగకి మండలేదు. స్తోత్రం. పన్నెండేళ్ళలో మొదటిసారి తెల్లారేదాకా పడుకున్నాను. స్తోత్రం. పెనం వేడి ఒంటికి తగల్లేదు. స్తోత్రం.'

ఒక్కటీ అబద్ధం కాదు. పొగ లేదని సంతోషించినవాడే పెనం దగ్గరికి ఎప్పుడెళ్తానా అని రోజులు లెక్కపెట్టుకోవచ్చు. కాని లెక్కపెట్టుకుంటున్నానని రాస్తే అది ఫిర్యాదు కిందికొస్తుందేమోనని మానేశాను. ఒక్కచోట మాత్రం రాశాను: 'కామందు నా పెనం నాకోసం ఉంచాడు. స్తోత్రం.'

నిజం చెప్పాలంటే అయ్యగారన్నట్టే నా మనసు రంగు మారింది. పొద్దున్నే లేచి, ఇవాళ ఏం రాద్దామా అని వెతుక్కునేవాణ్ణి. చూరులోంచి పడే ఎండ చూసి మురిసిపోయేవాణ్ణి. ఎవరినీ పొడవకుండా రెండ్రోజులు గడిపానంటే మీరే ఊహించుకోండి. ఒక ఆదివారం తలగడ కింద పుస్తకం కనపళ్ళేదు. మా ఆవిడ "బట్టల్లో కలిసిపోయిందేమో, సూస్తానుండు" అంది. మర్నాడు దొరికిందని తెచ్చిచ్చింది. దొరికినందుకు కూడా స్తోత్రం రాశాను.

కట్టు విప్పిన మర్నాడు పొద్దున్నే కర్ర పట్టుకుని గానుగకి వెళ్ళాను. ముందు కామందు కనిపించాడు.

"ఏట్రా, ఊసులాడ్డానికొచ్చేవా?"

"పెనం కాడికొచ్చేను బాబూ."

ఆయన తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. "నువ్వింక రావంట గదా? పొగ తప్పిందని, ఏడి తప్పిందని దేవుడికి దండాలెట్టుకుంటన్నావంట. మీవోడు పుస్తకం తెచ్చి సదివేడు. నీ సేత్తో నువ్వే రాసుకున్నావు గదరా. ఈ ఏటికే కాదు, పై ఏటికి కూడా ఆడికే మాటిచ్చీసేను."

పెనం పక్కన నా బావమరిది గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. వీపు మాకేసి ఉంది గాని చెవులు మాత్రం మా దగ్గరే ఉన్నాయి. అంచేత పాకం మాట మారడం వాడు విన్లేదు. నేను విన్నాను. గలగల ఆగింది, గుడగుడ మొదలైంది. ఒక్క నిమిషం నేను నోరు మూసుకుంటే చాలు. ఆ పెనం మాడేది, కామందు పెనంలోకి చూసేవాడు, తరవాత నాకేసి చూసేవాడు. ఇదంతా నాకు తట్టింది. కాని తట్టేలోపే నోరు అరిచేసింది.

"దించండ్రా!"

వాసాలు పట్టుకున్నవాళ్ళు పాత అలవాటుకొద్దీ దించేశారు. ఆరాక చూస్తే బెల్లం బంగారంలా వచ్చింది. నా కేకని లెక్కలోకి తీసుకోకుండా కామందు చిన్న ముక్క నోట్లో వేసుకుని, "సూసేవా, మీవోడికి బాగానే అబ్బింది" అని, ఇంటికి పట్టుకెళ్ళమని నాకో ఉండ ఇచ్చాడు.

వాణ్ణి పాక వెనక్కి పిలిచాను.

"అది కాదు బావా, నీ కాలికి పొగ మంచిది కాదని..."

"కాలికి పొగేట్రా? నేను కాలితో ఊపిరి పీలుస్తానా?"

"నువ్వు రాసిందే సదివేను. ఒక్క ముక్క కల్పించలేదు."

"కామందు నా పెనం నాకోసం ఉంచేడని రాసేను. అది సదివేవా?"

వాడు క్రాపు సర్దుకున్నాడు. చదవలేదు. ఆ కాగితం దగ్గర రెండు పేజీలు కలిపి తిప్పేసి ఉంటాడు. ప్రతి సాయంత్రం నా స్తోత్రాలకి నవ్వుతూ, ఏది పనికొస్తుందో ఏరుకున్నాడన్నమాట.

ఇంటికొచ్చి మా ఆవిణ్ణి అడిగాను. "పుస్తకం ఆడికి నువ్విచ్చేవా?"

ఆమె చేట కింద పెట్టలేదు. బియ్యంలో రాళ్ళేరుతూనే ఉంది. "ఆడికి నలుగురు పిల్లగుంటలు. పిప్పి ఎగేసుకుంటా ఎన్నాళ్ళు బతుకుతాడు? నీకు నోరుంది, ఎక్కడికెళ్ళినా బతికేస్తావు. పనెక్కడికి పోయింది? ఇంట్లోనే ఉంది గదా."

"ఎవులింట్లోనే?"

ఆమె ఏరిన రాళ్ళు గుమ్మం బయట పారేసింది. కాలు కాలినప్పుడు రాత్రీ పగలూ విసనకర్రతో విసిరిన మనిషి. నా చేతిలో ఉన్న కర్ర కూడా ఆమె తెచ్చిచ్చిందే. తిట్టబోయినవాణ్ణి, కామందు ఇచ్చిన బెల్లం ఉండ ఆమె చేట పక్కన పెట్టాను.

అయ్యగారికి పుస్తకం తిరిగిచ్చేశాను. ఆయన అంతా విని, బాధపడి, "దీనికి కూడా స్తోత్రం చెల్లించు, అందులోనూ ఏదో మేలుంటుంది" అన్నారు.

"నా వంతు మూడూ అయిపోయాయండీ అయ్యగారూ, ఇయాల్టికి మీరు సెల్లించండి" అన్నాను. ఈసారి ఆయన నవ్వారు. నేను హాస్యానికి అనలేదు.

పై ఏడునుంచి రావికమతం వైపు ఒక గానుగలో కుదిరాను. ఇంకొకడి పెనం కింద పొయ్యిలోకి పిప్పి ఎగెయ్యడం. అక్కడ పాకం పట్టేవాడు ప్రతిసారీ కాస్త ఆలస్యం చేసేవాడు. నాకు వినబడేది. తల వంచుకుని పిప్పి ఎగేసేవాణ్ణి. ఎవరూ నన్ను అడగలేదు.

ఈ కథ నేను ఊరంతా చెప్పాను. నా అలవాటు మీకు తెలిసిందే గదా, అత్తగారి గలగలా, మామగారి గుడగుడా, కాలితో ఊపిరీ అన్నీ కలిపి చెబుతాను. జనం కడుపు పట్టుకుంటారు. కొన్నేళ్ళ తరవాత మా బావమరిది పెద్ద కూతురి పెళ్ళిలో విందు మధ్య వాడే నా భుజం మీద చెయ్యేసి, కొత్త వియ్యంకుల ముందు, "బావా, ఆ స్తోత్రాల కత ఒక్కపాలి సెప్పవా? ఈళ్ళు ఇన్లేదంట" అన్నాడు.

వాడికి నిజంగానే అది హాస్యంగా మారిపోయింది. లోపల ఏదీ దాచుకోలేదు. నన్ను అడగడానికి ఏమాత్రం జంకలేదు.

మా ఆవిడ అవతలి వరసలో వడ్డిస్తోంది. నేను చెప్పడం మొదలెట్టాను. పుస్తకం వాడికెలా చేరిందో మాత్రం చెప్పలేదు. అందరికన్నా ముందు వాడే నవ్వాడు.