ఎస్తేరు మళ్లీ పాటకొచ్చింది

హిందీ మాట్లాడే ఉక్కు కంపెనీ ఊళ్లో, గోల్‌మురి పేటలో ఉండే జ్ఞానరత్నం టీచరుకు మాట తప్పడం చేతకాదు. ఆవిడ కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి.

వాళ్లింట్లో ఓ ఆనవాయితీ ఉంది. చర్చిలో కోతపండగ జరిగే రోజు పొద్దున్నే కోళ్లగూడు తలుపు తీస్తారు. ముందు ఏది బయటికొస్తే అది దేవుడిది. ఆరాధన అయ్యాక వేలంపాటలో దాన్ని ఎవరో పాడుకుంటారు. నిరుడు ఊగుతూ ముందొచ్చింది ఎస్తేరు. ఎడమకాలికి ఓ వేలు లేని పొడల పెట్ట. రిటైరయ్యాక టీచరుగారు చెప్పే కబుర్లన్నీ విసుక్కోకుండా వినే ప్రాణి అదొక్కటే. మళ్లీ లోపలికి తోసి తలుపేస్తే చూసేవాళ్లెవరు? అయినా ఆవిడ ఇచ్చేసింది. పాట మొదలవగానే బయటికెళ్లి గోడ పక్కన నిలబడి ఏడ్చింది. ఎవరు పాడుకున్నారో తనకు చెప్పొద్దని అందరికీ గట్టిగా చెప్పింది. కూరైపోయిందని వినే ధైర్యం లేదు మరి.

ఈ ఏడు పండగకు వారం ముందు, సంఘంలో ఉన్న సుకీర్తి అనే అమ్మాయి కొత్త సరదా మొదలెట్టింది. ఊళ్లో పెరటికోళ్లు పెంచేవాళ్ల ఇళ్లన్నీ ఓ శనివారం చుట్టిరావాలట. టీచరుగారు అందరికంటే ముందు ఆటో ఎక్కి కూర్చుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

బిష్టుపూర్‌లో డాబామీది గూడు చూశారు. గోల్‌మురిలో పాత కూలరు డబ్బాలో కాపురముంటున్న నాలుగు పెట్టల్ని చూశారు. అందరూ గూళ్లకు ఫొటోలు తీస్తుంటే టీచరుగారు కోళ్ల కాళ్లు చూస్తోంది. మధ్యాహ్నానికి ఆవిడ మొహం వాడిపోయింది. ఇంటికి పోదామంటే సుకీర్తి వినలేదు. "బస్ ఏక్ ఘర్ ఔర్, ఆంటీ," ఇంకొక్క ఇల్లే అని బిర్సానగర్ తీసుకెళ్లింది.

అక్కడ డేవిడ్ రాజు ఇల్లు. ఉక్కు కంపెనీలో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఆయన పెరట్లో అడుగుపెట్టగానే పొడల పెట్ట ఒకటి ఊగుతూ వచ్చి టీచరుగారి చెప్పు పొడిచింది. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే చతికిలబడి దాన్ని ఒళ్లోకి తీసుకుంది.

"కూరకే కొన్నానండి," అన్నాడు డేవిడ్ రాజు సిగ్గుపడుతూ. "తెచ్చిన రోజే నా హెల్మెట్లో గుడ్డెట్టేసింది. మరేటి చేత్తాను?"

సంగతి విని, తీసుకుపొమ్మన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. దేవుడికిచ్చింది అడిగి తీసుకోకూడదు, పాటలో కొనుక్కుంటే వేరు అంది. తమ ఇంటి ఆనవాయితీ చెప్పింది.

కోతపండగ నాడు డేవిడ్ రాజు చంకలో ఎస్తేరుతో చర్చికొచ్చాడు.

"మీ ఆనవాయితీ పెకారమే టీచరుగారూ. తలుపు తియ్యగానే ఇదే ముందొచ్చింది."

"మిగతావి?"

"అవి రాత్రి పక్కింట్లో పడుకున్నాయండి."

కాపీ కొట్టిన పిల్లల్ని ముప్పయ్యేళ్లు బెంచీ ఎక్కించిన టీచరుగారు ఆ మాట విననట్టే ముందు వరసలోకి పోయి, పాటకు చెయ్యెత్తింది.