మా మరిది, ఎదురుగాలి

మా చెల్లెలి మొగుడు బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్. మనిషి బీరువాలా ఉంటాడు. చెల్లెలు అక్కడే గుండీలు కుడుతుంది, పూచికపుల్ల. ఇద్దరికీ కలిపి ఓ పాత ఎలక్ట్రిక్ బండి. పొద్దున బాగానే పోయేది. సాయంత్రం ఏటి వంతెన మీద ఎదురుగాలి కొట్టిందంటే ఛార్జింగ్ కాస్తా హరించుకుపోయి మొరాయించేది. మిగతా దారంతా మరిది తొయ్యడం, చెల్లెలు వెనకాల నడవడం.

మా మరిది మొండిఘటం. గాలి సంగతి తేల్చేస్తానన్నాడు. వదులు గుడ్డ గాలిని పట్టేస్తుందని, ఒంటికి అతుక్కుపోయేలా జాకెట్ కుట్టుకున్నాడు. జేబుల్లేవు, కాలర్ లేదు, గుండీలు వీపు మీద! బండికున్న బుట్ట పీకేశాడు. వేగం తగ్గించాడు. వంతెన ఎక్కగానే మోచేతులు పక్కలకి ఆనించి, గడ్డం హ్యాండిల్ దాకా తెచ్చి వంగేవాడు. బండి ఆగకుండా ఇల్లు చేరడం మొదలుపెట్టింది. ఇక అతన్ని పట్టడం మా తరం కాలేదు. ఇంటికి ఎవరొచ్చినా కుర్చీలో వంగి చూపించి, "గాలినైనా కొలత తెలిసి కత్తిరించాలండీ" అనేవాడు.

ఈలోగా చెల్లెలికి దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందనీ, చల్లగాలి తగలనివ్వొద్దనీ డాక్టరమ్మ చెప్పింది. మరిది కిటికీ సందుల్లో గుడ్డపీలికలు కుక్కాడు. నేను ఫ్యాను వేస్తే కస్సుమన్నాడు. మందులు పడుతున్నా దగ్గు తగ్గలేదు, చెల్లెలు పని మానలేదు. మనిషి చిక్కి సగమైంది. నాకు లోలోపల భయం పట్టుకుంది.

మొన్న ఇక లేవలేక సెలవు పెట్టింది. ఆ రోజు నేను ఫ్యాక్టరీ వైపు పనిమీద వెళ్ళి, సాయంత్రం చెల్లెల్ని చూద్దామని మరిది బండి వెనకెక్కాను. వంతెన రాగానే అలవాటుగా వంగాడు. అంతే, గాలంతా వచ్చి నా గుండెల మీద కొట్టింది. ఊపిరాడలేదు, కళ్ళలో నీళ్ళు. ముందు గోడలా ఉండాల్సిన మనిషి ముడుచుకుపోయి కిందెక్కడో ఉన్నాడు. రోజూ ఇక్కడ కూర్చునేది నా చెల్లెలు.

"లే! నిటారుగా కూర్చో!" అని వీపు మీద ఒక్కటిచ్చాను.

"ఛార్జింగ్ అయిపోద్ది వదినా."

"అయిపోనీ! నువ్వు తప్పించుకున్న గాలి ఎవరికి తగుల్తోందో ఎప్పుడన్నా చూశావా?"

బండి ఆపేశాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. నిటారుగా కూర్చుని నడిపాడు. వంతెన దిగకముందే బండి ఆగిపోయింది. తోసుకుంటూ ఇల్లు చేరాం.

అతను కింద బండి పెట్టేలోగా నేను పైకెళ్ళి చెల్లెల్ని దులిపేశాను. "నోరు లేదా నీకు? గాలి కొడుతోందని ఒక్క మాట చెప్పలేకపోయావా?"

తను మంచం మీంచి లేవలేదు. "చెబితే నిటారుగా కూర్చుంటాడక్కా. బండి ఆగిపోతుంది. అప్పుడు నడవాలి కదా."

"నడిస్తే ఏమైందే?"

"నడవలేకపోతున్నానక్కా. నాలుగడుగులేస్తే ఊపిరి అందట్లేదు. ఆయనకి తెలిస్తే తట్టుకోలేడు."

గుమ్మంలో అలికిడైంది. మరిది ఎప్పుడొచ్చాడో, తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

చెల్లెలు దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. నేను తల తిప్పుకున్నాను. ఇద్దరిలో ఎవరి మొహమూ చూసే ధైర్యం నాకు లేకపోయింది.