ఎర్రెద్దు మీద బోరు నీళ్లు

మా మేడమ్ పోయారని నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. మంగళవారం పొద్దున కంపెనీ బస్సులో ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ మీద ఉన్నాను. ఒకప్పుడు మేమిద్దరం పనిచేసిన పరిశోధన సంస్థ వాళ్లు ఆమె ఫోటో పెట్టి, వెనకాల రాతి మీది ఎర్రెద్దు బొమ్మ వేసి, కింద రెండు చేతులు జోడించిన గుర్తు పెట్టారు. వెంటనే నలభై మంది అదే గుర్తు పెట్టారు. ఆమె బతికుండగా ఆమె రిపోర్టు ఒక్కటీ తెరవని వేళ్లు అవి. నేనేం తక్కువ తినలేదు. అందరికంటే ముందు పెట్టింది నేనే.

ఆమె యలహంకలో పుట్టి పెరిగిన తెలుగావిడ. పాత రాతిబొమ్మల రంగులు ఏ మట్టితో చేశారో, ఎండకీ వానకీ ఎట్లా పాడవుతున్నాయో చూడటం ఆమె పని. ఆంధ్ర సరిహద్దు దగ్గర ఒక గుట్ట మీద, ముందుకు వంగిన బండ కింద, ఎవరో ఎప్పుడో జేగురు మట్టి నూరి గీసిన ఎద్దు ఉంది. ఏటా అదే నెలలో, అదే వేళకి వెళ్లి, చేత్తో పట్టుకునే ఎక్స్‌రే యంత్రంతో ఆ ఎరుపు ఎంత మిగిలిందో, దాని మీద ఉప్పు పొర ఎంత తెల్లగా పేరుకుందో కొలిచేవారు. ఆ యంత్రం మోసేవాణ్ణి నేను.

బండని వేలితో ముట్టనిచ్చేవారు కాదు. "దేవుని పటమైనా చెయ్యి కడుక్కోని ముడతావు గదప్పా" అనేవారు. చిత్రాన్నం డబ్బా కూడా బండకి దూరంగానే విప్పాలి. ఒకసారి ఎవరో విలేకరి వచ్చి ఈ ఎద్దుకి ఎన్నేళ్లని పట్టుబట్టాడు. "నీకు ఏండ్లు కావల్ల, నాకు ఎరుపు కావల్ల. ఏండ్లు యాడికీ పోవు. ఎరుపు పోతా ఉండాది" అన్నారు. ఆ ముక్క పేపర్లో రాలేదు. వేల ఏళ్ల ఎద్దని పెద్ద అక్షరాలతో వచ్చింది.

మా డైరెక్టరుకి రాయి తెలియదు, రంగు తెలియదు. క్యాలెండరు తెలుసు. ఒక ఏడాది అట్ట మీద ఈ ఎద్దే ఉండాలన్నారు. పొడిగా ఉన్నప్పుడు ఎద్దు మసకమసకగా ఉంటుంది, నీళ్లు పోస్తే ఎర్రగా పైకి తేలుతుంది. గుట్టెక్కే ప్రతివాడికీ ఉన్న వెధవ తెలివి అది. మేడమ్ సెలవులో ఉన్నప్పుడు ఫోటోగ్రాఫరుకి తోడుగా నన్ను పంపారు. నాది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. సంస్థ బోరు నీళ్లే నాలుగు నీలం క్యాన్లకి పట్టి జీపులో వేసుకెళ్లాను. బెంగళూరు బోరు నీళ్ల సంగతి ఎవరి బాత్రూం బకెట్టు చూసినా తెలుస్తుంది, గోకినా రాని తెల్ల గార. ఎండకి ఆరినప్పుడల్లా మళ్లీ పోశాను. రెండు రోజులు పోశాను.

క్యాలెండరు వచ్చాక మేడమ్ దాన్ని చాలాసేపు చూశారు.

"బాగుండాది. ఎన్ని క్యాన్లప్పా?"

నేను దాన్ని తీసుకెళ్లి గోడకి తగిలించాను.

మరుసటేడు కొలిస్తే, అన్నేళ్లూ కొంచెం కొంచెంగా పెరిగిన తెల్ల పొర ఒక్కసారిగా ఎగిరింది. ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. మా ల్యాబులో ఆ బోరు నీళ్లతోనే టీ కాచుకునే కెటిల్ అడుగున గార గోకి, అదే యంత్రం కింద పెట్టారు. బండ మీది పొర, కెటిల్ గార, రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పెడితే ఒకటే గీత. అది నాకొక్కడికే చూపించారు.

"రాయి చెప్పింది, కెటిల్ చెప్పింది. ఇంక నువ్వు చెప్పల్ల. నేను చెప్తే చాడీ అయితాది."

నెల తిరక్కుండానే సమీక్ష సమావేశం జరిగింది. ఆమె అన్నేళ్ల కొలతలు ముందు పెట్టి, ఆ బండ మీద ఎవరూ నీళ్లు పోయకుండా కంచె కట్టమని అడిగారు. ఆ ఒక్క ఏడాది ఎందుకు ఎగిరిందో చెప్పమన్నారు పెద్దలు. కారణం తేలితే మిగతా లెక్కంతా నిలబడుతుంది. మేడమ్ నా వైపు ఒక్కసారి చూశారు. నేను సమోసా తిన్నాను. యంత్రం పాడై ఉంటుందని డైరెక్టరు తేల్చేశారు. "యంత్రం బాగానే ఉండాది సార్" అని ఆమె కాగితాలు సర్దుకున్నారు. కంచె రాలేదు. నా ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించారు.

తర్వాత నేను రంగుల కంపెనీలో చేరాను. గోడలకి వేసే, వెలిసిపోని రంగులు. మేడమ్ రిటైరయ్యాక కూడా ఏటా గుట్టెక్కారు. దిగి వచ్చాక నాకు ఫోన్ చేసేవారు. "ఈ ఏడు కొమ్ములు కనపళ్లేదప్పా" అనేవారు. ఇంకో ఏడు మూపురం. నేనేమైనా చెప్తానేమోనని చూసేవారు. నేను "అలాగా మేడమ్" అనేవాణ్ణి. "సుమ్నే, ఊరికే చెప్పినా, పెట్టేస్తా" అని పెట్టేసేవారు. ఒక్కసారీ తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఎప్పుడో ఆమె మీద కోపం తెచ్చుకుని హాయిగా ఉండేవాణ్ణి. ఆమె పోయారని చదివినప్పుడు బస్సులోనే ఏడ్చాను. ఇక ఆ ఫోన్ రాదని తేలికపడ్డాను కూడా. ఆ తేలిక తెలిశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం సంతాపసభ పెట్టారు. "రాళ్లతో మాట్లాడిన మహీయసి" అన్నారు మా అప్పటి డైరెక్టరు. ఆమె రాళ్లతో మాట్లాడలేదు. అలా మాట్లాడేవాళ్లని డాక్టరుకి చూపించమనే రకం. ఆమె మాతోనే మాట్లాడారు, మేమే పలకలేదు. నాకూ రెండు నిమిషాలు మైకిచ్చారు. నాకు తల్లిలాంటివారని చెప్పి కూర్చున్నాను. చప్పట్లు కూడా కొట్టారు.

మర్నాడు సంస్థ నుంచి గ్రూపులో కబురు. ఆమె జ్ఞాపకార్థం మళ్లీ ఆ ఎద్దుతోనే క్యాలెండరు వేస్తున్నాం, పెద్ద సైజు ఫోటో మీ దగ్గరుందా అని. ఇప్పుడు గుట్ట మీదికి వెళ్లి తీద్దామంటే ఎద్దు లేదు, తెల్ల మచ్చ ఉంది. ఫోటోగ్రాఫరు అప్పట్లో అన్నీ నా దగ్గరే వదిలాడు. వెతికి తీశాను. మొదటి క్యాలెండరుకి ఇచ్చే ముందు దాని పక్క భాగం కత్తిరించింది కూడా నేనే. ఈసారి కత్తిరించకుండా మొత్తం ఫోటో గ్రూపులో పెట్టి, "పోసింది నేను, పంపింది డైరెక్టరుగారు, మేడమ్‌కి తెలుసు" అని కింద రాశాను. అందరూ చూశారు. ఫోటోలో సంస్థ పేరున్న నీలం క్యాను వంగి ఉంది, దాని పిడి మీద నా చెయ్యి. ఎద్దు కడుపు కింద నుంచి నీళ్లు కారుతూ ఉన్నాయి.